బోర్డు లేని చోట చట్టం



ఈ ఉపన్యాసానికి ఆధారమైన ధర్మనిధి ఎవరి పేరిట ఏర్పడిందో ఆయన్ని ఈ ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ప్లీడరు గారు అంటే చాలు, ఎవరో తెలిసిపోయేది. ఆయన ప్రాక్టీసులో సగానికి పైగా మోటారు ప్రమాదాల కేసులే. అందుకని ఈ ఏటి స్మారకోపన్యాసానికి రోడ్డు మీది చట్టాన్నే ఎంచుకున్నాను. అందులోనూ ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను: వేగపరిమితి బోర్డు కనిపించని హైవే మీద ఎంత వేగంతో పోవచ్చు?

ఈ ప్రశ్న ఎవరినడిగినా రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. "బోర్డే లేనప్పుడు లిమిట్ ఎక్కడిదండీ, బండి లాగినంత లాగొచ్చు" అనేది మొదటిది. "రోడ్డును చూసుకుని, బండిని చూసుకుని పోవడమే" అనేది రెండోది. మొదటిది పూర్తిగా తప్పు. రెండోది సగమే నిజం. మిగతా సగం కోసం మన చట్టంతో పాటు మరో మూడు దేశాల చట్టాలు కూడా తిరగేయాలి.

ముందు మన ఇంటి సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 112వ సెక్షన్ వేగపరిమితులకు సంబంధించింది. అందులో రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు కేంద్ర ప్రభుత్వానిది. ఏ రకం బండి ఎంత వేగం మించకూడదో కేంద్రం గెజిట్‌లో ప్రకటిస్తుంది. ఈ అంకె అమలు కావడానికి రోడ్డు పక్కన బోర్డు అక్కర్లేదు. 2018 ఏప్రిల్ 6న వచ్చిన నోటిఫికేషన్‌లో కారుకు, అంటే డ్రైవరు కాక ఎనిమిది సీట్లకు మించని బండికి, ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటకు 120 కిలోమీటర్లు, మధ్యలో డివైడరుండి నాలుగు వరుసలో అంతకు మించో ఉన్న రోడ్డు మీద 100, మునిసిపల్ హద్దుల్లో 70, మిగతా రోడ్ల మీద కూడా 70 అని ఉంది. బస్సుకు అదే క్రమంలో 100, 90, 60, 60. సరుకు లారీకి 80, 80, 60, 60. మోటారు సైకిలుకు నాలుగు వరుసల రోడ్డు మీద 80, ఊళ్లోనూ మిగతా రోడ్ల మీదా 60. ఆటోకు 50కి మించి ఎక్కడా లేదు.

హైదరాబాద్-విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటాక ఒక కారు, ఒక బస్సు, ఒక లారీ, ఒక ఆటో ముందూ వెనకా పోతున్నాయనుకోండి. చుట్టుపక్కల ఎక్కడా బోర్డు లేదు. అయినా ఆ నాలుగు బళ్లకూ నాలుగు పరిమితులున్నాయి: 100, 90, 80, 50. లిమిట్ లేని రోడ్డంటూ ఈ దేశంలో లేదు. లిమిట్ తెలియని డ్రైవర్లు మాత్రం కోకొల్లలు.

ఈ అంకెల మీద వివాదం లేకపోలేదు. 2021లో మద్రాసు హైకోర్టు, కాంచీపురం దగ్గర జరిగిన ఒక ప్రమాదంలో దాదాపు పూర్తిగా వికలాంగురాలైన ఒక దంతవైద్యురాలి నష్టపరిహారం కేసులో, ఈ 2018 నోటిఫికేషన్‌నే కొట్టేసి, వేగాలు తగ్గించి మళ్లీ ఇమ్మంది. ఇంజన్లు మెరుగయ్యాయి, రోడ్లు బాగుపడ్డాయి కాబట్టి వేగం పెంచామన్న కేంద్రం వాదనను ధర్మాసనం ఒప్పుకోలేదు. అయినా 120 బోర్డులు ఎక్స్‌ప్రెస్‌వేల మీద కనబడుతూనే ఉన్నాయి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద 2023లో పరిమితిని 100 నుంచి 120కి పెంచారు కూడా. అంకె 100 ఉండాలా 120 ఉండాలా అన్నది నిపుణులు తేల్చాల్సిన విషయం. నేను మాట్లాడేది, అంకె ఏదైనా అది డ్రైవరుకు చేరుతోందా అని.

రెండో మెట్టు రాష్ట్ర ప్రభుత్వానిది. ఫలానా వంతెన ఇరుకు, ఫలానా మలుపు ప్రమాదకరం, ఫలానా చోట బడి ఉంది అనుకుంటే కేంద్రం పెట్టిన అంకె కంటే తక్కువ వేగాన్ని రాష్ట్రం నిర్ణయించవచ్చు. దానికి చట్టం రెండు షరతులు పెట్టింది. గెజిట్‌లో ప్రకటించాలి, తగిన చోట బోర్డు కూడా నిలబెట్టాలి. ఒక నెలకు మించని తాత్కాలిక ఆంక్షకైతే గెజిట్ అక్కర్లేదు, బోర్డు మాత్రం తప్పదు. ఇక్కడ చట్టం మనసు తెలుస్తోంది. దేశమంతటికీ వర్తించే అంకెను పౌరుడు తెలుసుకుని ఉండాలి. ఈ ఒక్క మలుపుకే వర్తించే అంకెను మాత్రం ప్రభుత్వమే అతని కంటికి చూపించాలి. బోర్డు పెట్టకుండా 40 దాటావని చలానా రాస్తే అది నిలవడం కష్టం. గెజిట్ లేకుండా ఎప్పుడో కాంట్రాక్టరు పనులప్పుడు పాతి వదిలేసిన '20' బోర్డు పరిస్థితీ అంతే. అలాంటి బోర్డు పక్క నుంచి రోజూ 80లో పోయే డ్రైవరుకు నిజమైన బోర్డు మీద కూడా గౌరవం పోతుంది.

దేశమంతటికీ వర్తించే అంకెను ప్రజలకు గుర్తుండేలా చెప్పడం ఎలాగో బ్రిటన్‌లో చూడాలి. ఇంగ్లండ్‌లో ఒక రోడ్డు మీద వీధిదీపాలు 183 మీటర్లకు మించని ఎడంతో వరుసగా ఉండి, వేరే బోర్డేదీ లేకపోతే, అది గంటకు 30 మైళ్ల రోడ్డు. దీపాలు లేని రోడ్డయితే కార్లకు 60 మైళ్లు, మధ్యలో డివైడరుంటే 70. దీపస్తంభమే అక్కడ బోర్డు. లైసెన్సు కోసం వచ్చిన ప్రతివాడికీ ఇది తెలిసి ఉండాల్సిందే. మన నోటిఫికేషన్ కూడా నిజానికి ఇలాంటిదే. డివైడరుందా, వరుసలెన్ని, ఊళ్లో ఉన్నామా బయట ఉన్నామా అని చూస్తే అంకె తెలిసిపోతుంది. చూసి చెప్పగలిగే లక్షణాలతోనే చట్టం రాశారు. చెప్పేవాళ్లే లేరు.

ఇప్పుడు రెండో జవాబుకొద్దాం. అసలు అంకే వద్దు, రోడ్డును బట్టి వివేకంతో నడపమంటే చాలదా? ఈ ప్రయోగం చేసి చూసిన రాష్ట్రం ఒకటుంది. అమెరికా ఉత్తర అంచున, కెనడాను ఆనుకుని ఉన్న మోంటానా. అప్పటికి పది లక్షల జనాభా కూడా లేని రాష్ట్రం. కనుచూపు మేర గడ్డిమైదానాలు, వాటి మధ్య తిన్నని రోడ్లు. అక్కడ పగటిపూట కార్లకు చట్టంలో అంకె ఉండేది కాదు. రద్దీ, బ్రేకుల స్థితి, బండి బరువు, రోడ్డు వాలు, వెడల్పు, ఉపరితలం, ముందు ఎంత దూరం కనిపిస్తోంది, ఇవన్నీ చూసుకుని సహేతుకమైన, వివేకవంతమైన వేగంతో నడపమని మాత్రమే ఉండేది. రాత్రికి మాత్రం అంకెలుండేవి.

1973 చమురు సంక్షోభం వచ్చింది. 1974 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో దేశమంతా 55 మైళ్ల పరిమితి వచ్చింది. ఒప్పుకోని రాష్ట్రాలకు కేంద్రం నుంచి హైవే నిధులు ఆగిపోతాయి. మోంటానా ఒప్పుకుంది, తన పద్ధతిలో. పగలు 55 దాటినవాడికి 5 డాలర్ల జరిమానా. అది కూడా అతివేగానికి కాదు, ఇంధనం వృథా చేసినందుకు. లైసెన్సు రికార్డులో మచ్చ పడదు. 1995 నవంబరులో క్లింటన్ ఆ జాతీయ పరిమితిని ఎత్తేసే చట్టం మీద సంతకం చేయగానే, డిసెంబరులో మోంటానా తన పాత చట్టానికి తిరిగి వెళ్లింది.

మూడు నెలలు తిరిగేసరికి, 1996 మార్చి 10న, హైవే 200 మీద ఒక కారు గంటకు 85 మైళ్ల వేగంతో పోతుంటే గస్తీ అధికారి ఆపి టికెట్ రాశాడు. పగలు, పొడి రోడ్డు, ఆకాశం నిర్మలంగా ఉంది. కారు దాదాపు కొత్తది, బ్రేకులూ టైర్లూ బాగున్నాయి. మరోవైపు అది ఇరుకు రోడ్డు, పక్క అంచులు లేవు, మిట్టపల్లాలూ వంపులూ ఉన్నాయి. కోర్టులో ఆ అధికారి, అక్కడ 85 ఎక్కువే అన్నాడు. అయితే ఎంతయితే సరిపోయేదో మాత్రం చెప్పలేకపోయాడు. ఎంత వేగం సహేతుకమన్న దాని మీద రాష్ట్రంలోని పెద్ద అధికారులకే ఏకాభిప్రాయం లేదని కూడా బయటపడింది. 1998 డిసెంబరు 23న మోంటానా సుప్రీంకోర్టు నలుగురు ముగ్గురుగా చీలి, మెజారిటీ తీర్పుతో ఆ నిబంధనను కొట్టేసింది. న్యాయవాదులు స్టాంకో కేసు అని చెప్పుకునేది దీన్నే. ఏది నేరమో ముందుగా పౌరుడికి తెలియనప్పుడు, తెలుసుకునే దారే లేనప్పుడు, ప్రతి గస్తీ అధికారీ తన జోన్‌లో తనే శాసనకర్త అవుతాడు, ఇది రాజ్యాంగం ఒప్పుకునేది కాదు అని దాని సారాంశం.

తర్వాతి నెలల్లో మోంటానాలో పగటి వేగానికి అంకె లేదు, ఆ వివేకం నిబంధన కూడా లేదు. మిగిలింది నిర్లక్ష్యపు డ్రైవింగు చట్టమొక్కటే. శాసనసభ 75 మైళ్ల పరిమితి తెచ్చింది, 1999 మే 28 నుంచి అమల్లోకి వచ్చింది. గమనించాల్సిందేమిటంటే, అంకె తెచ్చి వివేకాన్ని అవతల పారేయలేదు. 75 లోపల కూడా పరిస్థితిని బట్టి జాగ్రత్తగా, తగ్గించి నడపాలన్న మాట చట్టంలో ఉంచారు.

విచిత్రమేమిటంటే అదే 1998లో మన సుప్రీంకోర్టు ముందుకు కూడా ఈ ప్రశ్నే మరో రూపంలో వచ్చింది. కర్ణాటక రాష్ట్రం వర్సెస్ సతీశ్ కేసు. లారీ బోల్తా పడి పలువురు చనిపోయారు. లారీ చాలా వేగంగా వచ్చిందని సాక్షులు చెప్పారు. చాలా అంటే సుమారుగానైనా ఎంతో ఒక్కరూ చెప్పలేదు. వేగంగా నడిపాడన్నంత మాత్రాన నిర్లక్ష్యమో దుడుకుతనమో రుజువైపోదని, ఆ పరిస్థితిలో ఏది ఎక్కువ వేగమో ప్రాసిక్యూషనే రుజువు చేయాలని కోర్టు తేల్చి, నిర్దోషిగా విడుదల చేసిన తీర్పునే నిలబెట్టింది.

ప్లీడరు గారి క్రాస్ ఎగ్జామినేషన్ చూసినవాళ్లు ఈ హాల్లో ఇంకా ఉన్నారు. "బస్సు చాలా స్పీడుగా వచ్చిందండి" అనేవాడు సాక్షి. "చాలా అంటే ఎంత బాబూ?" అని ఈయన. "చాలా అంటే... బాగా స్పీడండి." "నువ్వప్పుడు ఎక్కడున్నావు?" "కిళ్లీ కొట్టు దగ్గరండి." "బస్సు వస్తుంటే చూశావా, గుద్దిన చప్పుడు విని తిరిగి చూశావా?" అక్కడితో సాక్షి నీళ్లు నమిలేవాడు. కొత్త వకీళ్లు దాన్ని గడుసుతనం అనుకునేవారు. అది చట్టంలో ఉన్నదే. 183వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం, ఫలానా వాడు అతివేగంగా పోయాడని తనకు అనిపించిందన్న ఒకే సాక్షి మాట మీద, ఆ అంచనాకు ఏదైనా యంత్రమో ఎలక్ట్రానిక్ పరికరమో ఆధారంగా ఉంటే తప్ప, శిక్ష వేయకూడదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. చట్టంలో అంకె ఉండేది ముఖ్యంగా పోలీసును కట్టడి చేయడానికి. చట్టంలో వివేకం ఉండేది డ్రైవరును కట్టడి చేయడానికి. అంకె లేకపోతే రోడ్డు మీద ఆపిన అధికారి ఇష్టమే చట్టమవుతుంది. వివేకం లేకపోతే 100 లోపల ఏం చేసినా చెల్లుతుందన్న ధీమా డ్రైవరుకు వస్తుంది. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని వదులుకోవడానికి లేదు.

డ్రైవరు వైపు కట్టడి ఎలా ఉండాలో జర్మనీ చూపిస్తుంది. అక్కడి ఆటోబాన్ల మీద చాలా భాగాల్లో కార్లకు పరిమితి లేదని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. నిజమే. 1978 నుంచి ఉన్నది 130 కిలోమీటర్ల సిఫారసు మాత్రమే, దాటితే జరిమానా లేదు. కాని 1992లో అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు ఒక మాట తేల్చింది. 130 దాటి పోతూ ప్రమాదంలో చిక్కుకున్నవాడు, తప్పు పూర్తిగా ఎదుటివాడిదే అని చేతులు దులుపుకోలేడు. 130లోనే పోయినా అంత దెబ్బే తగిలేదని తనే రుజువు చేసుకోవాలి, లేకపోతే నష్టంలో వాటా పడుతుంది. ఇది కాక, కనిపిస్తున్న దూరంలోపల ఆగగలిగినంత వేగంతోనే నడపాలన్న నియమం వాళ్ల ట్రాఫిక్ చట్టంలో ఉంది. పోలీసు జరిమానా వేయకపోయినా, లెక్క కోర్టులో తేలుతుంది.

కనిపిస్తున్న దూరంలోపల ఆగడం అంటే ఎంత? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో, అడ్డు కళ్లబడ్డాక మెదడు గ్రహించి కాలు బ్రేకు మీద పనిచేసే వరకు రెండున్నర సెకన్లు. 100 కిలోమీటర్ల వేగంలో ఆ రెండున్నర సెకన్లలోనే బండి దాదాపు 70 మీటర్లు పోతుంది. తర్వాత బ్రేకు పట్టి ఆగడానికి ఇంకో 110. మొత్తం 180 మీటర్లు. అదే 60లో అయితే 80 మీటర్లు చాలు. వేగం రెట్టింపు కూడా కాలేదు, ఆగే దూరం రెట్టింపు దాటిపోయింది.

ఈ లెక్కను కోతల కాలంలో మన రోడ్డు మీదికి తీసుకురండి. రెండు వరుసల రోడ్డు, డివైడరు లేదు, బోర్డు లేదు. గెజిట్ ప్రకారం కారుకు 70. ఒక వరుస నిండా పొడుగునా వడ్లు ఆరబోశారు. బళ్లు ఎక్కకుండా అంచుల వెంట రాళ్లు పేర్చారు. పొద్దుగూకాక మంచు పడకుండా వడ్లను కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పారు, అది ఎగిరిపోకుండా మళ్లీ రాళ్లు. రాత్రి తొమ్మిదింటికి ఎదురుగా లారీ వస్తోంది, మీరు లైటు డిమ్ చేశారు. 70లో ఆగడానికి వంద మీటర్లు కావాలి. నల్ల తారు మీద నల్ల టార్పాలిన్ డిమ్ లైటులో అంత దూరం నుంచి కనబడదు. మీరు పరిమితి దాటలేదు. అయినా ఆ వేగం అక్కడ తప్పే. 184వ సెక్షన్ చెప్పేది ఇదే. ఆ చోటు స్వభావం, స్థితి, వాడకం, ఉన్న రద్దీ, ఉండవచ్చని ఊహించగల రద్దీ, ఇవన్నీ చూసినప్పుడు ప్రజలకు ప్రమాదకరమైన వేగంతో నడిపితే, అంకెతో పని లేకుండా నేరం. మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. కోతల కాలంలో ఆ రోడ్డు మీద రోజూ తిరిగేవాడు వడ్ల కుప్ప ఊహించలేదంటే ఏ కోర్టూ నమ్మదు. రోడ్డు మీద వడ్లు ఆరబోయడం తప్పు కాదా అంటే, తప్పే. ఆరబెట్టుకోవడానికి రైతుకు కళ్లం లేకుండా చేసిన వ్యవస్థ తప్పు అంతకన్నా పెద్దది. అయితే ఎదుటివాడి తప్పు మన ఆగే దూరాన్ని తగ్గించదు.

వకీళ్లకు మరో మాట. 183వ సెక్షన్‌లోనే నాలుగో ఉపసెక్షన్ ఒకటుంది, దాన్ని మనం వాడుకోవడం తక్కువ. వేగపరిమితి దాటకుండా చేరడం సాధ్యం కాని టైంటేబుల్ ప్రకటించినా, ఇంత సేపట్లో చేరాలని ఆదేశించినా, ఆ ప్రకటనే, ఆ ఆదేశమే యజమాని నేరానికి ప్రాథమిక సాక్ష్యం. ప్రయాణికుల బస్సు యజమానికైనా, సరుకు చేరవేసే కంపెనీకైనా, వేడివేడిగా అన్నం తెచ్చిస్తామనే యాప్‌కైనా ఈ మాట వర్తించే అవకాశం ఉంది. చలానా ఎప్పుడూ డ్రైవరు కుర్రాడి పేరు మీదే వస్తోంది. గడియారం పట్టుకుని అతన్ని తరిమినవాడిని బోనెక్కించే అధికారం చట్టం ఇచ్చింది, అడిగేవాళ్లు కావాలి.

ఈ హాల్లో చాలామందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్లకూ ఈ ప్రశ్న తప్పదు. టెక్సాస్‌లో బోర్డు లేకపోతే పట్టణ ప్రాంతంలో 30 మైళ్లు, ఊరి బయట నంబరున్న హైవే మీద 70, నంబరు లేని రోడ్డు మీద 60. దాటితే అది సహేతుకం కాని వేగమని కోర్టు మొదట అనుకుంటుంది, కాదని నిరూపించుకునే అవకాశం డ్రైవరుకు ఉంటుంది. కాలిఫోర్నియాలో మామూలుగా 65, డివైడరు లేని రెండు వరుసల రోడ్డు మీద 55, ఇళ్ల మధ్య 25, రెండు వైపులా కనబడని రైల్వే క్రాసింగు దగ్గర 15. వీటన్నిటి మీదా వివేకంతో నడపాలన్న మూల సూత్రం. అక్కడ కూడా అంకె, వివేకం రెండూ జంటగానే ఉన్నాయి.

ఇక చేయాల్సిన పని. ప్రభుత్వం గెజిట్ అంకెలను తెలుగులో, బండి రకాల వారీగా, రాష్ట్ర సరిహద్దుల్లో, టోల్ ప్లాజాల దగ్గర పెద్ద బోర్డు మీద రాయించాలి. వేగం తగ్గించమని నెలకు మించి ఉండే ప్రతి బోర్డుకూ గెజిట్ ఉండాలి. తగ్గింపు ఎక్కడ మొదలైందో చెప్పినట్టే ఎక్కడ ముగిసిందో కూడా చెప్పాలి. పని అయిపోయిన కాంట్రాక్టరు తన బోర్డులు పీక్కుపోవాలి. కెమెరా పెట్టిన చోట ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలని 2021లో కేంద్ర నిబంధనల్లోకి 167ఎ చేరింది, అది అక్షరాలా అమలు కావాలి. లెర్నర్స్ పరీక్షలో ఎర్ర త్రికోణం బొమ్మ గుర్తుపట్టించడంతో సరిపెట్టకుండా, డివైడరు లేని రోడ్డు మీద మోటారు సైకిలుకు ఎంత అని అడగాలి.

డ్రైవరు చేయాల్సింది అంతకంటే కష్టం. గెజిట్ చెప్పిన అంకె తెలుసుకుని, దాన్ని చేరవలసిన వేగంగా కాక దాటకూడని హద్దుగా చూడాలి. ఆ హద్దు లోపల ఎంతలో పోవాలన్నది ప్రతి కిలోమీటరుకూ తనే తేల్చుకోవాలి. విద్యార్థులకు చివరగా ఒక మనవి. రేపు బోర్డు లేని రోడ్డు కేసు మీ చేతికొచ్చినప్పుడు మీరు ఏ పక్షమైనా సరే రెండు ప్రశ్నలూ అడగండి. ఈ బండికి ఇక్కడ చట్టం పెట్టిన అంకె ఎంత, దాన్ని దాటాడని ఏ యంత్రం చెప్పింది? దాటకపోతే, ఆ చోట ఆ వేగం ఎంతవరకు సబబు? మొదటి ప్రశ్న వదిలేస్తే నిర్దోషికి శిక్ష పడుతుంది. రెండోది వదిలేస్తే పోయిన ప్రాణానికి జవాబుదారీ ఉండదు.